హిస్టరీ డిలీట్ చేశాక కూడా ఏమేం మిగులుతాయి, వాటిని ఎలా తీసేయాలి

ఫోన్ ఇంకొకరి చేతికి ఇవ్వాల్సి వచ్చినప్పుడు చాలామంది గబగబా బ్రౌజర్ తెరిచి హిస్టరీ డిలీట్ కొట్టేసి, ఇక టెన్షన్ లేదనుకుంటారు. ఆ బటన్ పనిచేస్తుంది, కాకపోతే అది చేసే పని చాలా తక్కువ. మీరు ఒక సైట్ చూసినప్పుడు దాని జాడ నాలుగు చోట్ల పడుతుంది: మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో, మీరు లాగిన్ అయి ఉన్న గూగుల్ లాంటి అకౌంట్‌లో, ఆ సైట్ దగ్గరా అందులో యాడ్స్ వేసే కంపెనీల దగ్గరా, చివరిగా మీకు ఇంటర్నెట్ ఇచ్చే నెట్‌వర్క్ దగ్గర. డిలీట్ బటన్ మొదటి చోట తుడుస్తుంది, రెండో చోట కొంచెం తుడుస్తుంది, మిగతా రెండింటి జోలికి వెళ్లదు.

అందుకని ముందు ఒక సంగతి తేల్చుకోండి. ఎవరికి కనపడకూడదు? ఇంట్లో అదే ఫోన్ వాడేవాళ్లకా, ఆఫీసుకా, యాడ్స్ కంపెనీలకా, ఇంటర్నెట్ కంపెనీకా? దాన్ని బట్టి కింద చెప్పినవాటిలో మీకు ఏది అవసరమో తెలుస్తుంది, అన్నీ అందరికీ అక్కర్లేదు. "దాచుకోవాల్సినంత పని ఏం చేశావు" అని అడిగేవాళ్లు ఉంటారు, పట్టించుకోకండి. ఒంట్లో ఏదో తేడాగా ఉందని వెతికిన జబ్బు పేరు, ఇంకా ఎవరికీ చెప్పని ఉద్యోగ ప్రయత్నం, విడాకుల గురించి చదివిన నాలుగు పేజీలు, ఇవన్నీ మీరు చెప్పాలనిపించినప్పుడు చెప్పుకునే సంగతులు. అంతకంటే ముందు ఇంకొకరి కంట పడకుండా చూసుకోవడంలో తప్పేమీ లేదు.

డిలీట్ కొట్టే ముందు

రెండు నిమిషాలు ఆగి పాస్‌వర్డ్‌ల సంగతి చూసుకోండి. కుకీలు, అంటే సైట్లు మిమ్మల్ని గుర్తుపట్టడానికి పెట్టుకునే ఫైళ్లు, తీసేస్తే దాదాపు ప్రతి సైట్‌లోనూ లాగౌట్ అయిపోతారు, మళ్లీ లోపలికి వెళ్లాలంటే పాస్‌వర్డ్ గుర్తుండాలి, చాలా సైట్లకు ఫోన్‌కి వచ్చే కోడ్ కూడా కావాలి. డిలీట్ చేసే పేజీలో పాస్‌వర్డ్‌లకు విడిగా ఒక టిక్ బాక్స్ ఉంటుంది, దాని మీద పొరపాటున కూడా టిక్ పెట్టకండి. హిస్టరీ తీసేయడానికి పాస్‌వర్డ్‌లు పోగొట్టుకోవాల్సిన పని లేదు. సగం నింపి వదిలేసిన ఫారాలు ఏవైనా ట్యాబ్‌లలో తెరిచి ఉంటే ముందు వాటిని పూర్తి చేసేయండి.

క్రోమ్‌లో

కంప్యూటర్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కండి. డిలీట్ బ్రౌజింగ్ డేటా అనే పెట్టె తెరుచుకుంటుంది. ఫోన్‌లో పై మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కితే అదే పేరుతో ఆప్షన్ కనిపిస్తుంది. ముందు ఎంత కాలానిది తీసేయాలో ఎంచుకోవాలి: చివరి 15 నిమిషాలు, గంట, 24 గంటలు, 7 రోజులు, 4 వారాలు, లేదా మొత్తం. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు, ఎందుకంటే చాలాసార్లు ముందుగా ఎంచి ఉండేది చిన్న గడువే. అది గమనించకుండా డిలీట్ కొడితే పావుగంటదో గంటదో పోయి మిగతాదంతా అలాగే ఉంటుంది.

తర్వాత టిక్ బాక్సులు. బ్రౌజింగ్ హిస్టరీ అంటే మీరు తెరిచిన పేజీల జాబితా. కుకీలు, సైట్ డేటా అంటే ఆయా సైట్లు మిమ్మల్ని గుర్తుపట్టడానికి మీ పరికరంలో పెట్టుకున్న చిన్న చిన్న ఫైళ్లు. కాష్ అంటే పేజీ త్వరగా తెరుచుకోవడానికి దాచిపెట్టిన బొమ్మలూ ఫైళ్లూ. ఈ మూడూ తీసేస్తే చాలావరకు సరిపోతుంది. ఫారాల్లో మీరు టైప్ చేసినవి మళ్లీ సూచనలుగా రాకూడదనుకుంటే ఆటోఫిల్ కూడా కలపండి, ఫోన్‌లో ఇది కనపడాలంటే మోర్ ఆప్షన్స్ నొక్కాలి. డౌన్‌లోడ్ హిస్టరీ దగ్గర జాగ్రత్త, అది తీసేసేది జాబితాను మాత్రమే. మీరు దించుకున్న పీడీఎఫ్, ఫోటో, వీడియో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి, ఫైల్ మేనేజర్‌లోకి వెళ్లి మీరే తీసేయాలి, ట్రాష్ కూడా ఖాళీ చేయాలి.

క్రోమ్‌లో గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి, హిస్టరీ సింక్ ఆన్‌లో ఉంటే ఒక పరికరంలో చూసింది ఇంకో పరికరంలో కూడా కనిపిస్తుంది. ఫోన్‌లో రాత్రి చదివింది పొద్దున ల్యాప్‌టాప్‌లో పక్కవాళ్ల ముందు సూచనగా ప్రత్యక్షమవడానికి కారణం ఇదే. సింక్ ఆన్‌లో ఉండగా హిస్టరీ డిలీట్ చేస్తే అన్ని పరికరాల్లోంచీ పోతుంది, ఇది మంచిదే. కానీ ఒక్క ఈ పరికరంలోంచే తీసేయాలనుకుంటే ముందు క్రోమ్ నుంచి సైన్ అవుట్ అవ్వాలి. అసలు పరికరాల మధ్య హిస్టరీ తిరగకూడదనుకుంటే సింక్ సెట్టింగ్స్‌లో హిస్టరీ, ట్యాబ్‌లు ఆపేసి బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు మాత్రం ఉంచుకోండి. ముఖ్యంగా ఇంట్లో అందరూ ఒకే అకౌంట్ వాడుతుంటే ఈ పని ముందు చేయాలి.

ఒకటి రెండు పేజీలే తీసేయాలనుకుంటే మొత్తం తుడవడం అనవసరం. కంట్రోల్, హెచ్ నొక్కి హిస్టరీ తెరిచి, వెతికే చోట ఆ సైట్ పేరు కొట్టి, వచ్చినవాటికి టిక్ పెట్టి తీసేయండి. అడ్రస్ బార్‌లో ఒక అక్షరం కొట్టగానే పాత సైట్ పేరు పైకి వస్తుంటే, కంప్యూటర్‌లో కీబోర్డు మీది బాణం కీతో దాని మీదికి వెళ్లి షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కండి. ఫోన్‌లో ఆ సూచన మీద వేలు నొక్కిపెట్టి ఉంచితే తీసేయాలా అని అడుగుతుంది. అయినా పోవడం లేదంటే అది బుక్‌మార్క్‌లో ఉండి ఉంటుంది, అక్కడ కూడా చూడండి.

ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, సఫారీ

ఫైర్‌ఫాక్స్‌లోనూ ఎడ్జ్‌లోనూ అదే మూడు కీలు పనిచేస్తాయి, కాబట్టి మళ్లీ మొదటినుంచి చెప్పను. ఫైర్‌ఫాక్స్‌లో నాకు బాగా నచ్చేది ఫర్గెట్ అబౌట్ దిస్ సైట్. హిస్టరీ మెనూలో మేనేజ్ హిస్టరీకి వెళ్లి, ఆ సైట్ మీద రైట్ క్లిక్ చేసి ఇది ఎంచుకుంటే ఆ ఒక్క సైట్‌కి సంబంధించిన పేజీలు, కుకీలు, కాష్ అన్నీ కలిసి పోతాయి, మిగతా సైట్ల లాగిన్‌లు చెక్కుచెదరవు. ఆ సైట్ పాస్‌వర్డ్ ఫైర్‌ఫాక్స్‌లో సేవ్ అయి ఉంటే మాత్రం ముందే వేరే చోట భద్రపరుచుకోండి.

రోజూ చేతితో తుడిచే ఓపిక లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో బ్రౌజర్ మూసినప్పుడల్లా హిస్టరీ దానంతటదే తుడిచేసే ఏర్పాటు ఉంది. ఎడ్జ్‌లో కూడా ప్రైవసీ సెట్టింగ్స్‌లో మూసిన ప్రతిసారీ ఏమేం తీసేయాలో ఎంచుకోవచ్చు. ఒక్కసారి పెట్టుకుంటే చాలు.

ఐఫోన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, యాప్స్‌లో సఫారీ తెరిచి, క్లియర్ హిస్టరీ అండ్ వెబ్‌సైట్ డేటా నొక్కండి. పాత ఐఓఎస్‌లలో సఫారీ నేరుగా సెట్టింగ్స్ జాబితాలోనే ఉంటుంది. ఐక్లౌడ్‌లో సఫారీ ఆన్ చేసి ఉంటే అదే అకౌంట్‌తో ఉన్న ఐప్యాడ్, మ్యాక్‌లోంచి కూడా హిస్టరీ పోతుంది. మ్యాక్‌లో పైన హిస్టరీ మెనూలోనే క్లియర్ హిస్టరీ ఉంటుంది.

అకౌంట్‌లో మిగిలింది

అసలు సంగతి ఇక్కడుంది, చాలామంది వదిలేసేది కూడా ఇదే. క్రోమ్‌లో హిస్టరీ మొత్తం తుడిచేసినా, మీరు లాగిన్ అయి ఉండగా గూగుల్‌లో వెతికిన మాటలు, యూట్యూబ్‌లో చూసిన వీడియోలు గూగుల్ దగ్గర మీ అకౌంట్‌లో తేదీ, సమయంతో సహా ఉండొచ్చు. వేరే ఫోన్‌లో అదే అకౌంట్ తెరిస్తే అవన్నీ వరుసగా కనిపిస్తాయి.

గూగుల్‌లో మై యాక్టివిటీ అని వెతికి ఆ పేజీ తెరవండి, లేదంటే గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లి డేటా అండ్ ప్రైవసీ చూడండి. మొదటిసారి చూసినప్పుడు కొంచెం గుండె జారుతుంది, ఎప్పుడో మర్చిపోయిన వెతుకులాటలు కూడా అక్కడ ఉంటాయి. పైన డిలీట్ అని ఉంటుంది, అందులో గంట, రోజు, మొత్తం, లేదా మీరు చెప్పిన తేదీల మధ్య అని ఎంచుకోవచ్చు. ఒక మాట కొట్టి దానికి సంబంధించినవి మాత్రమే వెతికి తీసేయొచ్చు కూడా, ఒక జబ్బు గురించో ఒక మనిషి గురించో వెతికినవి తీసేయడానికి ఇదే మేలు.

తర్వాత వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ తెరిచి ఆటో డిలీట్ పెట్టండి. 3 నెలలు, 18 నెలలు, 36 నెలలు అని మూడు గడువులు ఉంటాయి. 2020 జూన్ తర్వాత తెరిచిన అకౌంట్లకు 18 నెలలు ముందే పెట్టి ఉంటుంది, అంతకంటే పాత అకౌంట్లలో మీరే పెట్టుకోవాలి. నా మాట వింటే 3 నెలలు పెట్టండి. అసలు ఏదీ దాచొద్దనుకుంటే టర్న్ ఆఫ్ ఉంది, దానివల్ల సూచనలు కాస్త మొద్దుబారతాయి కానీ వెతకడానికి అడ్డేమీ రాదు. ఆపేయడం వల్ల పాతది పోదు, ఆపేసి, డిలీట్ కూడా చేయాలి. యూట్యూబ్ హిస్టరీకి ఇదే పని విడిగా చేయాలి, వెబ్ యాక్టివిటీ తుడిస్తే యూట్యూబ్‌ది పోదు.

అదే పేజీలో మేనేజ్ మై యాక్టివిటీ వెరిఫికేషన్ అని ఒకటి ఉంటుంది. అది ఆన్ చేస్తే మీ ఫోన్ తెరిచి ఉన్నా సరే, ఆ పేజీలోని హిస్టరీ చూడాలంటే మళ్లీ పాస్‌వర్డో వేలిముద్రో అడుగుతుంది. ఫోన్ పదిమంది చేతుల్లో తిరిగే ఇళ్లలో దీని విలువ చాలా ఎక్కువ, దయచేసి ఆన్ చేసుకోండి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వాడేవాళ్లకు ఇంకో మాట. ఆ యాప్‌లలో లింక్ నొక్కితే తెరుచుకునేది చాలాసార్లు యాప్ లోపలి సొంత బ్రౌజర్, ఆ పేజీలు క్రోమ్ హిస్టరీలో ఉండవు, కాబట్టి అక్కడ తుడిస్తే పోవు. యాప్ సెట్టింగ్స్‌లో లింక్ హిస్టరీ అని కనిపిస్తే అక్కడ తీసేసి ఆపేయండి. అకౌంట్స్ సెంటర్‌లో యువర్ యాక్టివిటీ ఆఫ్ మెటా టెక్నాలజీస్ తెరిస్తే, ఇతర సైట్లూ యాప్‌లూ మీ గురించి మెటాకి, అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే కంపెనీకి, పంపిన వివరాలు కనిపిస్తాయి. పాతవాటిని అకౌంట్ నుంచి విడదీయొచ్చు, ముందుముందు కలపొద్దని కూడా చెప్పొచ్చు.

ఎవరూ వెతకని మూలలు

బ్రౌజర్ శుభ్రంగా ఉన్నా ఫోన్‌లో వేరే చోట బయటపడే జాడలు కొన్ని ఉంటాయి. కీబోర్డు మీరు టైప్ చేసిన పదాలు నేర్చుకుని ఇంకో చోట సూచిస్తుంది. గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డులో సెట్టింగ్స్, ప్రైవసీలోకి వెళ్లి నేర్చుకున్న పదాలు తీసేయొచ్చు. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఏ యాప్ ఎంతసేపు వాడారో చెప్తాయి, కొన్ని సెట్టింగ్స్‌లో ఏ సైట్‌లో ఎంతసేపు ఉన్నారో కూడా చూపిస్తాయి. ఇటీవల వాడిన యాప్‌ల తెరలో పేజీ బొమ్మ అలాగే నిలబడి ఉంటుంది, దాన్ని పైకి తోసేయాలి. ఇక స్క్రీన్‌షాట్‌లు. పేజీ మొత్తం తుడిచేసి, దాని స్క్రీన్‌షాట్ గ్యాలరీలో వదిలేసేవాళ్లు ఎందరో.

ఇన్‌కాగ్నిటో ఎంతవరకు

ఇన్‌కాగ్నిటో అంటే బ్రౌజర్‌లో విడిగా తెరుచుకునే ప్రైవేట్ కిటికీ. అది చేసేది ఒక్కటే: కిటికీలన్నీ మూసేశాక ఆ పరికరంలో పేజీల జాబితా, కుకీలు, ఫారాల్లో రాసినవి మిగలవు. అదే ఫోన్ వాడే ఇంకొకరి నుంచి దాచుకోవడానికి ఇది చాలు, ముందే వాడితే తర్వాత తుడిచే పనే ఉండదు. కంప్యూటర్‌లో క్రోమ్‌కీ ఎడ్జ్‌కీ కంట్రోల్, షిఫ్ట్, ఎన్. ఫైర్‌ఫాక్స్‌కి కంట్రోల్, షిఫ్ట్, పి.

చేయనివి చాలా ఉన్నాయి. ఆఫీసు నెట్‌వర్క్‌కీ, ఇంటర్నెట్ కంపెనీకీ మీరు ఏ సైట్‌కి వెళ్తున్నారో మామూలుగా ఎలా తెలుస్తుందో అలాగే తెలుస్తుంది. లోపల మీ అకౌంట్‌తో లాగిన్ అయితే ఆ కంపెనీకి అది మీరేనని తెలుస్తుంది. దించుకున్న ఫైళ్లు, పెట్టుకున్న బుక్‌మార్కులు ఉండిపోతాయి. ఈ విషయం మీద గూగుల్ మీద 2020లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కేసు పడింది, ఇన్‌కాగ్నిటోలో ఉన్నా వివరాలు సేకరిస్తున్నారని. 2024లో రాజీ కుదిరినప్పుడు అలా పోగైన కోట్లాది రికార్డులను తీసేయడానికి గూగుల్ ఒప్పుకుంది, ఇన్‌కాగ్నిటో తెరవగానే కనిపించే హెచ్చరికను కూడా మరింత వివరంగా మార్చింది. ఆ హెచ్చరికను ఈసారి ఒక్కసారి పూర్తిగా చదవండి, అందులో ఉన్నది నిజం.

ఇంకో చిన్న సంగతి: ఒక ఇన్‌కాగ్నిటో ట్యాబ్ మూసినంత మాత్రాన కుకీలు పోవు. ఆ ట్యాబ్‌లన్నీ మూసేస్తేనే పోతాయి. ఫోన్‌లో రోజుల తరబడి అలా తెరిచి వదిలేసేవాళ్లు ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి, క్రోమ్ నుంచి బయటికి వస్తే ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లకు తాళం పడే ఆప్షన్ ఆన్ చేసుకోండి. ఐఓఎస్ 17 నుంచి సఫారీ ప్రైవేట్ ట్యాబ్‌లకు కూడా ఫేస్ ఐడీ తాళం ఉంది.

మీ వెనక తిరిగే కుకీలు

కుకీని 1994లో నెట్‌స్కేప్ అనే అప్పటి బ్రౌజర్ కంపెనీలో పనిచేసిన లూ మాంటుల్లీ తయారుచేశాడు, ఒక సైట్ తన దగ్గరికి మళ్లీ వచ్చినవాళ్లను గుర్తుంచుకోవడానికి. షాపింగ్ సైట్‌లో బుట్టలో వేసింది అలాగే ఉండేది దానివల్లే. గొడవంతా థర్డ్ పార్టీ కుకీలతో వచ్చింది, అంటే మీరు తెరిచిన సైట్‌ది కాకుండా అందులో యాడ్ వేసిన కంపెనీ పెట్టే కుకీ. ఆ కంపెనీ యాడ్స్ వెయ్యి సైట్లలో ఉంటే ఆ వెయ్యి సైట్లలోనూ మీరు ఎక్కడెక్కడ తిరిగారో దానికి తెలుస్తుంది.

సఫారీ వీటిని 2020 మార్చి నుంచి పూర్తిగా అడ్డుకుంటోంది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి ప్రతి సైట్ కుకీలను దానికదే విడిగా ఉంచుతోంది. క్రోమ్‌లో తీసేస్తామని గూగుల్ 2020లో ప్రకటించింది, వాయిదాలు వేస్తూ వచ్చి, చివరికి 2024లో ఆ ఆలోచన మానుకుంది. కాబట్టి క్రోమ్ వాడేవాళ్లు మీరే ఆపుకోవాలి: సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, థర్డ్ పార్టీ కుకీస్, బ్లాక్. ఎక్కడో ఒక సైట్ సరిగా తెరుచుకోకపోతే అప్పటికి ఆ ఒక్క సైట్‌కి అనుమతి ఇస్తే సరిపోతుంది.

కుకీలు ఆపినా బ్రౌజర్ వేలిముద్ర అనేది ఒకటి ఉంటుంది. మీ తెర సైజు, ఫాంట్లు, భాష, టైమ్ జోన్ ఇలాంటివన్నీ కలిపి చూస్తే మిమ్మల్ని వేరుగా గుర్తుపట్టేయొచ్చు. ఇంటర్నెట్‌లో జనం హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో పరీక్షించిన బ్రౌజర్లలో దాదాపు 84 శాతం ఇంకే బ్రౌజర్‌తోనూ కలవకుండా వేరుగా తేలాయి. మీ బ్రౌజర్ సంగతి చూసుకోవాలంటే వాళ్ల కవర్ యువర్ ట్రాక్స్ పేజీలో ఉచితంగా చూడొచ్చు. దీనికి పూర్తి మందు లేదు, ఫైర్‌ఫాక్స్‌లో ట్రాకింగ్ ప్రొటెక్షన్‌ని స్ట్రిక్ట్‌లో పెడితే, లేదా బ్రేవ్ అనే బ్రౌజర్ వాడితే చాలా తగ్గుతుంది.

యాప్‌ల వైపు కూడా ఒక నిమిషం. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, యాడ్స్‌కి వెళ్లి డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ నొక్కండి, యాడ్స్ కోసం మీ ఫోన్‌ను గుర్తుపట్టే నంబరు అదే. ఐఫోన్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ట్రాకింగ్ తెరిచి, యాప్‌లు అడగడానికి ఉన్న అనుమతే ఆపేయండి.

ఎక్స్‌టెన్షన్లను, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములను, మాత్రం తేలిగ్గా తీసుకోకండి. చాలా ఎక్స్‌టెన్షన్లు అన్ని సైట్లలోనూ మీ డేటా చదివి మార్చే అనుమతి అడుగుతాయి, అంటే మీరు చూసే ప్రతి పేజీ వాటికీ కనిపిస్తుంది. ఎప్పుడో కూపన్ల కోసమో స్క్రీన్‌షాట్ కోసమో పెట్టుకుని మర్చిపోయినవి ఉంటే ఇవాళే తీసేయండి, మిగిలినవాటికి క్లిక్ చేసినప్పుడు మాత్రమే పనిచేసేలా అనుమతి మార్చండి.

నెట్‌వర్క్ నుంచి

ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్‌తోనే, అంటే మధ్యలో ఎవరూ చదవలేకుండా తాళం వేసిన కనెక్షన్‌తోనే, నడుస్తాయి కాబట్టి మీరు ఏ పేజీ చదివారో, ఏం టైప్ చేశారో ఇంటర్నెట్ కంపెనీకి కనపడదు. ఏ సైట్‌కి వెళ్లారో మాత్రం తెలుస్తుంది. ఆరోగ్యం గురించిన సైట్ అని తెలుస్తుంది, ఏ జబ్బు అన్నది తెలియదు. కొన్నిసార్లు సైట్ పేరే అంతా చెప్పేస్తుంది, అప్పుడు ఇది సరిపోదు.

మొదట చేయగలిగింది డీఎన్‌ఎస్ మార్చడం. సైట్ పేరు కొట్టగానే దాని నంబరు ఎంతో అడిగే ప్రశ్న మామూలుగా తాళం లేకుండా వెళ్తుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఉంది, 1.1.1.1 అనే డీఎన్‌ఎస్ సేవ నడిపే క్లౌడ్‌ఫ్లేర్ కానీ, క్వాడ్9 కానీ ఇచ్చే అడ్రస్ అందులో పెట్టుకోవచ్చు. కంప్యూటర్‌లో క్రోమ్ సెక్యూరిటీ పేజీలో యూజ్ సెక్యూర్ డీఎన్‌ఎస్ ఉంటుంది. దీనితో కొంత మూసుకుంటుంది కానీ పూర్తిగా కాదు, సైట్‌తో కనెక్షన్ మొదలయ్యేటప్పుడు దాని పేరు ఇంకా బయటపడే సందర్భాలు ఉన్నాయి.

వీపీఎన్ అంటే మీ ఇంటర్నెట్ వాడకాన్నంతా తాళం వేసి తన సర్వర్ల మీదుగా పంపే సేవ. అది పెడితే ఇంటర్నెట్ కంపెనీకి సైట్ల పేర్లు కనపడవు, వీపీఎన్ కంపెనీకి కనపడతాయి. అంతే తేడా. ఒకరి మీద ఉన్న నమ్మకాన్ని తీసి ఇంకొకరి మీద పెడుతున్నారు, కాబట్టి ఆ ఇంకొకరు ఎవరో తెలియకుండా పెట్టకండి. డబ్బు అడగకుండా, యాడ్స్ చూపించుకుంటూ, ఎవరు నడుపుతున్నారో కూడా చెప్పని ఉచిత వీపీఎన్ యాప్‌లకు దూరంగా ఉండండి, లేకపోవడమే నయం. వీపీఎన్ ఉన్నా గూగుల్‌లో లాగిన్ అయి వెతికితే గూగుల్‌కి మీరెవరో తెలుసు. నిజంగా ఎవరో తెలియకుండా చదవాల్సిన అవసరం ఉంటే టార్ బ్రౌజర్ ఉంది, నెమ్మదిగా ఉంటుంది, కొన్ని సైట్లు రానివ్వవు, అయినా ఆ పనికి అదే సరైనది.

ఆఫీసు ల్యాప్‌టాప్ వేరే సంగతి. క్రోమ్ మెనూ చివర మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్ అని ఉంటే ఆ బ్రౌజర్ పగ్గాలు కంపెనీ చేతిలో ఉన్నట్టు. తెర మీద ఏముందో చూసే సాఫ్ట్‌వేర్ కూడా ఉండొచ్చు, దాని ముందు ఇన్‌కాగ్నిటో, వీపీఎన్ ఏవీ నిలబడవు. సొంత పనులకు సొంత ఫోన్, సొంత డేటా వాడండి.

పంచుకునే కంప్యూటర్

ఇంట్లో ఒకే కంప్యూటర్ ఉంటే ఒక్కొక్కరికీ విండోస్‌లోనో మ్యాక్‌లోనో వేరే యూజర్ తెరిచి పాస్‌వర్డ్ పెట్టండి. క్రోమ్ ప్రొఫైల్స్ చూడటానికి విడివిడిగా ఉంటాయి కానీ వాటికి తాళం ఉండదు, ఎవరైనా ఒక క్లిక్‌తో మీ ప్రొఫైల్‌లోకి వచ్చేస్తారు. బయట ఎక్కడైనా వేరేవాళ్ల కంప్యూటర్ వాడాల్సి వస్తే క్రోమ్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి గెస్ట్ మోడ్ తెరవండి. అక్కడ లాగౌట్ అవడం మర్చిపోయి ఇంటికి వచ్చేస్తే ఏమీ కంగారు లేదు, మీ ఫోన్‌లో గూగుల్ అకౌంట్, సెక్యూరిటీ, యువర్ డివైసెస్‌లో ఆ కంప్యూటర్‌ని ఎంచి సైన్ అవుట్ చేయండి. వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌లోంచి తీసేయండి.

మిమ్మల్ని ఎవరైనా గమనిస్తున్నారని భయంగా ఉంటే

ఇంట్లోనే ఎవరో మీ ఫోన్ రోజూ తనిఖీ చేస్తూ, మిమ్మల్ని అదుపులో పెట్టడానికి వాడుకుంటున్నారంటే, పైన చెప్పినట్టు మొత్తం తుడిచేయడం మీకు ప్రమాదం కావచ్చు. నిన్నటిదాకా నిండుగా ఉన్న హిస్టరీ ఇవాళ ఖాళీగా కనిపిస్తే వాళ్లకి అనుమానం వస్తుంది. అలాంటప్పుడు సాయం కోసం వెతికిన పేజీలు మాత్రమే ఒక్కొక్కటిగా తీసేసి, మామూలువి ఉంచండి. ఫోన్‌లో నిఘా యాప్ ఉండొచ్చనిపిస్తే ఆ ఫోన్‌లో అసలు వెతకకండి, తుడిచినా వాళ్లకి ముందే చేరిపోయి ఉంటుంది. నమ్మకమైన స్నేహితురాలి ఫోనో, లైబ్రరీ కంప్యూటరో వాడండి, అక్కడ మీ పాత అకౌంట్‌తో లాగిన్ అవ్వకండి, ఎందుకంటే వెతికింది మళ్లీ మీ ఫోన్‌కే సింక్ అవుతుంది. పాస్‌వర్డ్‌లు మార్చడం కూడా సురక్షితమైన చోటు నుంచి, సరైన సమయం చూసుకునే చేయండి.

సరిగ్గా పోయిందో లేదో చూసుకోవడం

చేసిన పని ఫలించిందో లేదో తేల్చుకోవడం తేలికే. అడ్రస్ బార్‌లో మీరు తీసేసిన సైట్ మొదటి రెండు అక్షరాలు కొట్టి సూచనల్లో వస్తుందేమో చూడండి. గూగుల్ వెతికే పెట్టెలో ఊరికే నొక్కితే పాత వెతుకులాటలు గడియారం గుర్తుతో వస్తున్నాయంటే మై యాక్టివిటీలో ఇంకా ఉన్నాయని అర్థం. యూట్యూబ్ హోమ్ పేజీలో పాత విషయానికి చెందిన వీడియోలే వస్తుంటే అక్కడి హిస్టరీ మిగిలి ఉండొచ్చు. అదే అకౌంట్ ఉన్న రెండో పరికరం తెరిచి ఇవే మూడూ మళ్లీ చూడండి, అది చాలాసేపటిగా ఇంటర్నెట్‌కి దూరంగా ఉంటే ఒకసారి కనెక్ట్ చేసి, సింక్ అయ్యేదాకా కొన్ని నిమిషాలు ఆగాకే చూడండి. ఫోన్‌ను అమ్మేస్తున్నా, వేరేవాళ్లకి పూర్తిగా ఇచ్చేస్తున్నా ఇవేవీ చాలవు. కావాల్సినవి బ్యాకప్ తీసుకుని, అకౌంట్లన్నీ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇవ్వండి.